సెకండ్ హ్యాండ్ ఫోన్, ల్యాప్‌టాప్ కొంటున్నారా? దొంగ సొత్తు చేతికి రాకుండా ఏం చూడాలి, వస్తే ఏం చేయాలి

“ఆన్‌లైన్‌లో యాడ్ చూసి ఒకాయన దగ్గర ఫోన్ కొన్నాను. రెండు నెలలకు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు నేనేం చేయాలి?” నల్లగొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, పాలమూరు వైపు నుంచి ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేనూ దెబ్బతిన్నవాణ్నే. తమ్ముడి చదువుకని ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. బ్యాటరీ చూశాను, కీబోర్డు చూశాను, మూత తీసి మూసి చూశాను. అమ్మినతని ఇంటిపేరు మాత్రం అడగలేదు. అది ఎవరో ఉద్యోగికి కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అని, ఆయన రాజీనామా చేశాక తిరిగి ఇవ్వలేదని తర్వాత తెలిసింది. డబ్బు పోయింది. అంతకన్నా టెన్షనే ఎక్కువ పడ్డాను. కాబట్టి కింద రాసినదాంట్లో సరుకు బాగుందా లేదా అన్న సంగతి దాదాపు ఉండదు. అమ్ముతున్న మనిషికి దాన్ని అమ్మే హక్కు ఉందా, దానికి మన దగ్గర ఆధారం ఏమిటి అన్నదే చూద్దాం.

1. ముందుగా చట్టం సంగతి, రెండే మాటలు

దొంగ సొత్తు ఎన్ని చేతులు మారినా అసలు యజమానిదే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, దొంగిలించిన ఫోన్‌ను ఎవరో తెలియని మనిషి దగ్గర కొన్నప్పుడు అవి మనకు అక్కరకు రావు. మీరు పూర్తి ధర పెట్టి కొన్నా ఫోన్ తిరిగి ఇవ్వాల్సిందే.

రెండోది కాస్త ఊరట. తెలియక కొన్నంత మాత్రాన నేరం కాదు. భారతీయ న్యాయ సంహిత 317(2) సెక్షన్ చెప్పేది ఇదీ: దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గానీ, దురుద్దేశంతో తీసుకున్నా, ఉంచుకున్నా నేరం. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు దీన్నే ఐపీసీ 411 అనేవాళ్లు.

ఇందులో రెండు ముక్కల దగ్గర జనం ఇరుక్కుంటారు. ఒకటి, “నమ్మడానికి తగిన కారణం”. రూ.60 వేల ఫోన్‌ను బిల్లు లేకుండా, డబ్బా లేకుండా, రాత్రిపూట బస్టాండ్ వెనక రూ.12 వేలకు కొని “నాకేం తెలుసు సార్” అంటే నమ్మేవాళ్లు తక్కువ. రెండోది, “ఉంచుకున్నా”. కొన్న రోజు తెలియకపోయినా, తెలిసిన రోజు నుంచి మీ లెక్క మారిపోతుంది.

ఇంకో సంగతి. చట్టం దృష్టిలో జేబులోంచి కొట్టేసినదే దొంగ సొత్తు కాదు. నమ్మి చేతికిస్తే ఎగ్గొట్టినది, మోసంతో రాబట్టినది కూడా అందులోకే వస్తుంది. అద్దెకు తీసుకుని అమ్మేసిన కెమెరా, ఆఫీసుకు తిరిగి ఇవ్వని ల్యాప్‌టాప్ అలాంటివే.

2. ఇంటి నుంచి కదలకముందు: వాట్సాప్‌లోనే సగం తేలిపోతుంది

అదే మోడల్, అదే వయసు ఉన్న యాడ్లు మూడు నాలుగు చూసి మామూలు ధర ఎంతో తెలుసుకోండి. దానికన్నా బాగా తక్కువకు ఇస్తున్నాడంటే కారణం అడగండి. “అర్జెంటుగా డబ్బులు కావాలి” అన్నది నిజమైన కారణమే కావచ్చు. అయితే ఆ మాట నిజమైనవాడూ చెప్తాడు, దొంగా చెప్తాడు. అందుకే దాన్ని ఆధారంగా లెక్కలోకి తీసుకోవద్దు.

మాట ఇలా మొదలుపెట్టండి:

“అన్నా, ఫోన్ మీరే కొన్నరా?”

“ఆఁ, మాదే.”

“ఎక్కడ కొన్నరు? ఎన్ని రోజులైంది?”

“హైదరాబాద్‌ల. ఏడాదైతది.”

“బిల్లు ఫొటో వాట్సాప్‌ల పెట్టున్రి అన్నా. నంబర్లు చూసుకొని రేపు వచ్చి తీసుకుంట.”

“బిల్లు ఎక్కడనో పోయింది తమ్మీ. సరుకు చూడు, బిల్లుతోని ఏం పని?”

ఇక్కడ ఆగండి. బిల్లు పోవడం వింతేమీ కాదు, మన ఇళ్లలో పోయిన నెల కరెంటు బిల్లే దొరకదు. కానీ నిజంగా కొన్నవాడి దగ్గర ఏదో ఒక ఆనవాలు మిగులుతుంది. ఆన్‌లైన్‌లో కొంటే పాత ఆర్డర్లలోంచి బిల్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. షాపులో కొంటే షాపు పేరు చెప్పగలడు, అడిగితే వాళ్ల కంప్యూటర్‌లో కాపీ దొరకొచ్చు. ఈఎంఐ మీద తీసుకుంటే ఫైనాన్స్ కాగితాలు ఉంటాయి. వీటిలో ఒక్కటీ చూపలేనివాడు, పైగా “బిల్లుతో ఏం పని” అని దబాయించేవాడు దొరికితే ఆ ఫోన్ వదిలేయండి. రేపు ఇంకో ఫోన్ వస్తుంది.

కదలకముందు చెక్‌లిస్ట్:
- బిల్లు ఫొటో వచ్చిందా? బిల్లు మీద పేరు, అమ్మేవాడి పేరు ఒకటేనా? వేరే అయితే ఆ మనిషి ఈయనకు ఏమవుతాడు?
- స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ (*#06#) నొక్కితే ఫోన్ గుర్తింపు నంబర్ (ఐఎంఈఐ) కనిపిస్తుంది. ఆ స్క్రీన్ ఫొటో పంపాడా?
- డబ్బా మీద స్టిక్కర్ ఫొటో పంపాడా?
- యాడ్ స్క్రీన్‌షాట్, అతని ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నారా? అమ్ముడయ్యాక యాడ్ తీసేస్తారు. తర్వాత మీకు దొరకదు.
- అడ్వాన్స్ అడిగాడా? “నేను ఆర్మీలో ఉన్నా, పార్సిల్ పంపిస్తా” అన్నాడా? అయితే అక్కడితో మాట ఆపేయండి.

3. ఎక్కడ కలవాలి

అమ్మేవాడి ఇల్లు అన్నిటికన్నా మంచిది. ఇల్లు చూపించినవాడు రేపు మాయం కాలేడు. ఇంటికి రావొద్దంటే పట్టపగలు, జనం ఉండే చోటు: నల్లగొండ అయితే గడియారం సెంటర్ చుట్టుపక్కల, మహబూబ్‌నగర్ అయితే క్లాక్ టవర్ దగ్గర, మీకు తెలిసిన మొబైల్ సర్వీస్ షాపు. షాపాయనకు వందో రెండొందలో ఇస్తే నంబర్లు సరిచూసి పెడతాడు.

“హైదరాబాద్ నుంచి వస్తున్నా, జడ్చర్ల చౌరస్తాలో బండి ఆపుతా, అక్కడే తీసుకో” అంటే ఒప్పుకోవద్దు. నార్కట్‌పల్లి హైవే అయినా అంతే. పది నిమిషాల్లో ముగించాలని చూసే బేరంలో కింద చెప్పే పరీక్షలేవీ కుదరవు.

వెంట తీసుకెళ్లాల్సినవి: నెట్ ఉన్న మీ ఫోన్, ఒక సిమ్, సిమ్ ట్రే పిన్ను, పవర్ బ్యాంక్, రెండు తెల్లకాగితాలు, పెన్ను, తోడుగా ఒక మనిషి. ఆ మనిషి సంతకం పెట్టేవాడై ఉండాలి. ఊరికే పక్కన నిలబడి “తీస్కోరా, మస్తుంది” అనే దోస్తును ఇంట్లోనే వదిలేయండి.

4. ఫోన్‌కు ఐఎంఈఐ పరీక్ష

ప్రతి ఫోన్‌కూ 15 అంకెల ఐఎంఈఐ నంబర్ ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు. రెండూ చూడాలి.

మొదటి అడుగు: *#06# నొక్కి నంబర్ చూడండి. తర్వాత సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి చూడండి. డబ్బా స్టిక్కర్, బిల్లు మీద ఉన్న నంబర్లతో అంకె అంకె పోల్చండి. కొన్ని ఐఫోన్లలో సిమ్ ట్రే మీద కూడా ఉంటుంది. చివరి నాలుగు అంకెలు కలిస్తే చాలనుకోవద్దు.

నంబర్లు కలవకపోతే ప్రతిసారీ దొంగతనమే అనుకోనక్కర్లేదు. వారంటీలో మదర్‌బోర్డు మారిస్తే ఐఎంఈఐ కూడా మారుతుంది. అలాంటప్పుడు సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్ (రిపేరు వివరాల కాగితం) ఉండాలి. అది ఉంటే సరే. నోటిమాట అయితే వద్దు.

రెండో అడుగు: ఆ నంబర్‌ను ప్రభుత్వ రికార్డులో చూడండి. దీనికి మూడు దారులున్నాయి: కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్, సంచార్ సాథీ యాప్, లేదా ఎస్సెమ్మెస్. ఎస్సెమ్మెస్‌కు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కేవైఎం (KYM) అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెల నంబర్ వేసి 14422కు పంపాలి. ‘బ్లాక్‌లిస్టెడ్’, ‘డూప్లికేట్’, ‘ఆల్రెడీ ఇన్ యూజ్’ అని వస్తే కొనవద్దని ఆ వ్యవస్థే చెప్తుంది. జవాబులో వచ్చే కంపెనీ, మోడల్ పేర్లు కూడా చదవండి. చేతిలో ఒక కంపెనీ ఫోన్ ఉండి, రికార్డులో ఇంకో కంపెనీ పేరు వస్తే ఆ ఐఎంఈఐని ఎవరో మార్చారని అర్థం.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. రికార్డు శుభ్రంగా ఉంటే ఫోన్ శుభ్రం అనుకుంటారు. అది ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. ఫోన్ పోయినవాళ్లు ముందు పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి, అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకోవాలి, ఆ తర్వాత సీఈఐఆర్‌లో (పోయిన ఫోన్ల ఐఎంఈఐలను బ్లాక్ చేసే ప్రభుత్వ వ్యవస్థ) బ్లాక్ చేయమని అడగాలి. అడిగాక 24 గంటల్లో బ్లాక్ అవుతుంది. ఈ లోపు రెండు రోజులు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. దొంగ ఆ వారంలోనే అమ్మేస్తాడు. మీరు చూసిన రోజు ఏమీ ఉండదు. మీరు సిమ్ వేసి వాడటం మొదలుపెట్టాక బ్లాక్ పడుతుంది, ఆ ఫోన్‌లో ఏ సిమ్ నడుస్తోందో పోలీసులకు తెలుస్తుంది, మీకు ఫోన్ వస్తుంది.

కాబట్టి కొనే రోజు ఒకసారి చూడండి, కొన్నాక రెండు మూడు వారాల పాటు అప్పుడప్పుడూ మళ్లీ చూడండి. చూసిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. “నేను కొన్న రోజు రికార్డులో ఏమీ లేదు” అని తేదీతో చూపించగలగడం మీకు పెద్ద అండ.

తెలంగాణ పోలీసులు ఈ సీఈఐఆర్ వ్యవస్థను 2023 ఏప్రిల్ నుంచి వాడుతున్నారు. దేశమంతటికీ అదే ఏడాది మే నెలలో వచ్చింది. ఎస్పీ ఆఫీసులో పోయిన ఫోన్లను వరుసగా పేర్చి, యజమానులకు ఇస్తున్న ఫొటోలు పేపర్లో చూస్తుంటాం కదా. ఆ బల్ల మీద ఉన్నవాటిలో మనలాంటివాళ్లు డబ్బులు పెట్టి కొన్నవి కూడా ఉంటాయి.

5. ఫోన్‌కు లాక్ పరీక్ష

దొంగ దగ్గర ఫోన్ ఉంటుంది గానీ యజమాని పాస్‌వర్డ్ ఉండదు. ఈ పరీక్ష మొత్తం దాని మీదే నడుస్తుంది.

వరుస ఇదీ:

క) రీసెట్ చేయని ఫోన్‌నే తెమ్మని ముందే చెప్పండి. అమ్మేవాడు మీ ముందు తన పిన్‌తో తెరవాలి.

ఖ) ఆండ్రాయిడ్ అయితే గూగుల్ అకౌంట్, స్క్రీన్ లాక్ అతనే తీసేయాలి. ఐఫోన్ అయితే ‘ఫైండ్ మై’ ఆపి, ఆపిల్ అకౌంట్ నుంచి బయటికి రావాలి. దానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. అది తెలియనివాడు ఆ ఫోన్ యజమాని కాదు.

గ) ఇప్పుడు సెట్టింగ్స్‌లోంచి ఫ్యాక్టరీ రీసెట్. మీ ముందే.

ఘ) మీ హాట్‌స్పాట్ కలిపి, మీ అకౌంట్‌తో హోమ్ స్క్రీన్ వచ్చేదాకా సెటప్ చేయండి. మధ్యలో పాత యజమాని అకౌంట్ గానీ, పాత పిన్ గానీ అడిగితే బేరం అయిపోయినట్టే.

ఙ) మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి.

“ఫుల్ రీసెట్ కొట్టి రెడీగా తెచ్చా” అన్న ఫోన్ చూస్తే చాలామందికి సంబరం. నాకైతే భయం. బలవంతంగా లాక్ దాటించిన ఫోన్లు రెండు రోజులు బాగానే నడిచి, తర్వాత అప్‌డేట్‌లోనో ఇంకో రీసెట్‌లోనో పాత అకౌంట్ అడుగుతాయి.

ఫైనాన్స్ మీద తీసుకున్న ఫోన్ సంగతి వేరు. దొంగతనం ఉండదు, కానీ కిస్తీలు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్ల లాక్ పడొచ్చు. రీసెట్ చేశాక ఫైనాన్స్ కంపెనీ పేరుతో స్క్రీన్ వచ్చినా, తీసేయడానికి కుదరని యాప్ కనిపించినా “కిస్తీలు అయిపోయాయా? నో డ్యూ కాగితం ఉందా?” అని అడగండి.

6. ల్యాప్‌టాప్, కెమెరా, టీవీ

ల్యాప్‌టాప్‌లకు ఐఎంఈఐ లాంటి జాతీయ రికార్డు లేదు. అందుకే కాగితం మీదే ఎక్కువ ఆధారపడాలి.

- కింద స్టిక్కర్ మీద సీరియల్ నంబర్, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఒక కీ నొక్కితే వచ్చే సెట్టింగ్స్ తెర) తెరిస్తే కనిపించే సీరియల్ నంబర్, బిల్లు మీద నంబర్ కలవాలి. స్టిక్కర్ గీకేసి ఉంటే తిరిగి చూడొద్దు.
- కంపెనీ ఆస్తి స్టిక్కర్, దాన్ని పీకిన జిగురు మరక, మూత మీద కంపెనీ లోగో ఉన్నాయేమో చూడండి.
- విండోస్ రీసెట్ చేసి, ఇంటర్నెట్ కలిపి సెటప్ చేయండి. ఏదో ఒక సంస్థ పేరు కనిపించి ఆఫీస్ అకౌంట్‌తో లాగిన్ అవ్వమంటే అది ఆ సంస్థ అదుపులో ఉన్న మెషీన్. మ్యాక్‌లో ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అన్న స్క్రీన్ వస్తుంది. నెట్ లేకుండా సెటప్ చేస్తే ఇవి బయటపడవు, నేను మోసపోయింది అక్కడే.
- బయోస్ పాస్‌వర్డ్ ఉండి, అది అమ్మేవాడికి తెలియకపోతే వద్దు.

“ఉద్యోగం మానేశా, ఆఫీసోళ్లు ల్యాప్‌టాప్ నాకే వదిలేసిన్రు” అనేవాళ్లుంటారు. నిజమే కావచ్చు. అలా వదిలేసినట్టు కంపెనీ మెయిల్ చూపించమనండి. కంపెనీల పాత ల్యాప్‌టాప్‌లను లాట్లుగా కొని అమ్మే వ్యాపారులు వేరే ఉన్నారు. వాళ్లు షాపు బిల్లు ఇస్తారు, ఆ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.

కెమెరాల దగ్గర మన వైపు ఒక తిరకాసు ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో బాడీలు, లెన్సులు అద్దెకు తిరుగుతాయి. అద్దెకు తీసుకున్నవాడే అమ్మేస్తే, కొన్నది మనం, పోయింది ఇంకో ఫొటోగ్రాఫర్‌ది. బాడీకి, లెన్సుకు సీరియల్ నంబర్లు వేర్వేరు, రెండూ బిల్లులో చూడాలి. ఊళ్లో తెలిసిన ఫొటోగ్రాఫర్ ఉంటే కొనేముందు ఆ నంబర్లు ఆయనకు పంపండి. కెమెరా పోతే వాళ్లు ముందు తమ గ్రూపుల్లోనే పెట్టుకుంటారు.

టీవీ అయితే వెనక స్టిక్కర్, బిల్లు. అమ్మేవాడి ఇంట్లో గోడకు ఉండగా చూసి కొనండి, చాలు.

7. డబ్బు చివరన, కాగితం దానితోపాటే

పరీక్షలన్నీ అయ్యాకే డబ్బు. నగదు వద్దు. యూపీఐ చేసేటప్పుడు తెర మీద వచ్చే పేరు, అమ్మేవాడి గుర్తింపు కార్డు మీద పేరు ఒకటి కావాలి. “మా బామ్మర్ది నంబర్‌కు కొట్టు” అంటే ఆ బామ్మర్దినే రమ్మనండి. నోట్ రాసే చోట మోడల్ పేరు, ఐఎంఈఐ చివరి అంకెలు రాయండి.

గుర్తింపు కార్డు కాపీ అడిగితే కొందరు జంకుతారు, తప్పులేదు. ఆధార్ పూర్తి నంబర్ మీకు అక్కర్లేదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ గానీ, డ్రైవింగ్ లైసెన్స్ గానీ, ఓటర్ కార్డు గానీ చాలు.

అంగడిలో ఎద్దును కొంటే రసీదు లేకుండా తోలుకురాము. ఫోన్‌కూ ఒక కాగితం రాయించుకోండి. బాండ్ పేపరే కావాలని లేదు, తెల్లకాగితం సరిపోతుంది. ఇలా రాయండి:

“తేదీ ........ నాడు, ........ (ఊరు)లో, నేను ........ తండ్రి పేరు ........ నివాసం ........ , నా సొంత ........ (కంపెనీ, మోడల్) ఫోన్, ఐఎంఈఐ నంబర్లు ........ , ........ ను రూ. ........ కు ........ గారికి అమ్మాను. ఈ ఫోన్ నాదే. దీనిపై దొంగతనం కేసు గానీ, ఫైనాన్స్ బాకీ గానీ లేదు. ఏదైనా తేలితే నాదే బాధ్యత, తీసుకున్న డబ్బు తిరిగి ఇస్తాను. డబ్బు యూపీఐ ద్వారా అందింది, లావాదేవీ నంబర్ ........ . అమ్మినవారి సంతకం, ఫోన్ నంబర్. కొన్నవారి సంతకం. సాక్షి సంతకం.”

రెండు కాపీలు రాసి చెరొకటి తీసుకోండి. నిజమైనవాడు సంతకానికి ఐదు నిమిషాలు విసుక్కుంటాడేమో గానీ పెడతాడు. దొంగ ఫోన్ అమ్మేవాడికి ఈ కాగితం చూడగానే ఏదో అర్జెంటు పని గుర్తొస్తుంది.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

బిల్లు ఉందని పేరు చూడకపోవడం. బిల్లు కూడా ఫోన్‌తోపాటే దొంగిలించి ఉండొచ్చు, బ్యాగు మొత్తం పోయిన కేసుల్లో అదే జరుగుతుంది. బిల్లు మీద నంబర్ ఉంటే “ఒకసారి ఆ నంబర్‌కు కొడతా” అనండి.

ఒక్క ఐఎంఈఐనే చూడటం. రెండోది ఇప్పుడే చూడండి, ఇంకా ఆలస్యం కాలేదు.

వాట్సాప్ చాట్ డిలీట్ చేయడం. ఫోన్ చేతికి వచ్చింది కదా అని చాట్ తుడిచేస్తారు. అది మీ సాక్ష్యం. ఇప్పటికే తుడిచేస్తే యూపీఐ హిస్టరీ, కాల్ లిస్టు వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి.

తెలిసినవాడి ద్వారా వచ్చిందని కాగితం రాయించుకోకపోవడం. మేనమామ కొడుకు ఫ్రెండ్ ఫ్రెండ్ అయినా ఫోన్ ఎక్కడిదో మీకు తెలియదు. మొహమాటం అనిపిస్తే “మా ఇంట్లో ఒప్పుకోరు బావా, రాసియ్యి” అని నెపం ఇంటివాళ్ల మీదికి తోసేయండి.

9. కొన్నాక అనుమానం వస్తే

రికార్డులో బ్లాక్ కనిపించింది, లేదా నెట్‌వర్క్ పోయింది, లేదా తెర మీద ఎవరిదో నంబర్‌తో “ఇది పోయిన ఫోన్” అన్న మెసేజ్ వచ్చింది. ఇప్పుడు చేయకూడనివి ముందు చెప్తాను, ఎందుకంటే కంగారులో జనం ముందు చేసేవి ఇవే.

- ఇంకొకరికి అమ్మొద్దు. దొంగ సొత్తని తెలిసి దాన్ని దాచడంలో, వదిలించుకోవడంలో చేయి పెడితే అది న్యాయ సంహిత 317(5) కింద విడి నేరం. అప్పటిదాకా మోసపోయిన మీరే మోసం చేసినవారవుతారు.
- ఐఎంఈఐ మార్పించొద్దు. “వెయ్యి రూపాయలిస్తే నంబర్ మార్చిస్తా” అనేవాళ్లు తగులుతారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42(3) కింద దీనికి మూడేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.
- రీసెట్ కొట్టొద్దు, చెరువులో పారేయొద్దు.
- తెర మీది నంబర్ వాళ్లు అడిగారని ఫోన్ నేరుగా చేతికిచ్చి రావొద్దు. వాళ్లు నిజమైన యజమానులే కావచ్చు, అయినా పోలీసుల ద్వారానే ఇవ్వండి. మీ దగ్గర నుంచి ఎవరికి వెళ్లిందో కాగితం ఉండాలి.

చేయాల్సింది: సిమ్ తీసి ఫోన్ ఆఫ్ చేయండి. స్క్రీన్‌షాట్లు, యూపీఐ వివరాలు, కొనుగోలు కాగితం ఒక కవర్‌లో పెట్టండి. అమ్మినవాడికి ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో అడగండి: “ఈ ఫోన్ బ్లాక్‌లో ఉంది, నా డబ్బు తిరిగివ్వండి.” జవాబు వచ్చినా రాకపోయినా అది ఆధారమే. ఆ తర్వాత మీ ఏరియా స్టేషన్‌కు వెళ్లండి. వాళ్లు పిలవకముందే మీరు వెళ్లడం మీ మంచికే.

10. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే

ముందు, అది నిజంగా పోలీసేనా? “నీ దగ్గర దొంగ ఫోన్ ఉంది, కేసు లేకుండా చేస్తా, ఈ నంబర్‌కు డబ్బు కొట్టు” అంటే మోసగాడు. పేరు, హోదా, స్టేషన్, ఫిర్యాదు నంబర్ అడిగి రాసుకుని, మీ దగ్గరి స్టేషన్‌కు వెళ్లి సరిచూసుకోండి. సరిచూసుకున్నాక తప్పించుకు తిరగొద్దు.

స్టేషన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పండి. ధర తగ్గించి, తేదీ మార్చి చెప్పాలన్న బుద్ధి పుడుతుంది, వద్దు. యూపీఐ రికార్డు ముందు అది ఒక్క నిమిషం నిలవదు. అనుమానం ఉన్న సొత్తును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద ఉంది. ఫోన్ తీసుకున్నట్టు కాగితం అడగండి. అందులో ఐఎంఈఐ, తేదీ ఉండాలి.

ఇచ్చే ముందు మీ ఫొటోలు, కాంటాక్టులు కాపీ చేసుకుంటానని అధికారిని అడగండి. బ్యాంకు, యూపీఐ యాప్‌ల నుంచి వాళ్ల ముందే లాగౌట్ అవ్వండి.

అదే సంహిత 35(3) సెక్షన్ కింద విచారణకు రమ్మని నోటీసు చేతికిస్తే మాత్రం వకీలును వెంట తీసుకెళ్లండి. ఖర్చు భరించలేకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు అక్కడ వకీలు ఉచితం.

11. పోయిన డబ్బు సంగతి

సూటిగా చెప్తాను: ఫోన్ పోవడం ఖాయం, డబ్బు రావడం ఖాయం కాదు. అయినా దారులున్నాయి.

అమ్మినవాడి మీద మోసం కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు, న్యాయ సంహితలో అది 318(4). ఆన్‌లైన్‌లో డబ్బు కొట్టి గంటలే అయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెప్తే ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. దొంగ దొరికి, అతనికి శిక్షపడి, అరెస్టప్పుడు అతని దగ్గర డబ్బు పట్టుబడితే, తెలియక కొన్నవాళ్లకు అందులోంచి ఇప్పించమని కోర్టును అడిగే వీలు కూడా ఉంది. సురక్షా సంహిత 499వ సెక్షన్ దాని గురించే. మీరు ఎంత ఇచ్చారో చూపే కాగితం లేకపోతే దీని గురించి ఆలోచించే పనే లేదు.

సెకండ్ హ్యాండ్ షాపులో కొని ఉంటే మీ పని కాస్త సులువు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. ఒక మామూలు మనిషి తన పాత ఫోన్ అమ్మిన కేసు మాత్రం ఆ కమిషన్ దాకా వెళ్లదు, ఎందుకంటే అతను వ్యాపారి కాదు.

12. స్టేషన్‌లో ఇచ్చే అర్జీ నమూనా

“గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,

నేను ........ , నివాసం ........ . తేదీ ........ నాడు ఆన్‌లైన్ ప్రకటన చూసి, ........ అనే వ్యక్తి (ఫోన్ నంబర్ ........ ) దగ్గర ........ ఫోన్‌ను, ఐఎంఈఐ ........ , రూ. ........ కు కొన్నాను. కొనే రోజు సంచార్ సాథీలో చూడగా బ్లాక్ లేదు. తేదీ ........ నాడు మళ్లీ చూడగా బ్లాక్ అయినట్టు తెలిసింది. అది దొంగిలించినదని కొనేటప్పుడు నాకు తెలియదు. ఫోన్‌ను స్వచ్ఛందంగా మీకు అప్పగిస్తున్నాను. నాకు అమ్మిన వ్యక్తిపై చర్య తీసుకుని, నా డబ్బు తిరిగి ఇప్పించగలరని మనవి.

జతపరిచినవి: ప్రకటన, చాట్ స్క్రీన్‌షాట్లు, చెల్లింపు వివరాలు, కొనుగోలు కాగితం, ఐఎంఈఐ పరీక్ష స్క్రీన్‌షాట్లు.”

మీరు చేయని పరీక్ష చేసినట్టు రాయొద్దు, ఆ వాక్యం కొట్టేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.